మే నెల గళ్లు నింపిన నడక

మొన్న ఆదివారం హన్మకొండలో కాలేజీ పిల్లలు పెట్టిన ఒక నడకకు వెళ్లొచ్చాను. సేవా కార్యక్రమం కోసం అయిదు కిలోమీటర్లు నడవడం. ఈ మధ్య మన ఊళ్లో నెలకొకటి అవుతున్నాయి ఇవి. పోయిన పని నడవడమే అయినా నా కళ్లు ఊరుకోవు కదా, తప్పులు వెతుకుతూ నడిచాను. పెద్దగా దొరకలేదు. ఆరున్నర అన్నారు, ఆరున్నరకే కదిలారు. మంచినీళ్లు చెట్ల నీడలో పెట్టారు. మలుపు మలుపుకూ ఒక మనిషిని నిలబెట్టారు. అందరికంటే వెనక ఒక అమ్మాయి పచ్చ జాకెట్ వేసుకుని నడిచింది, చివరి మనిషి వెనక ఎవరో ఒకరు ఉండాలని. ఆ చివరి మనిషిని నేనే కాబట్టి ఆమెకు నాతో మాట్లాడక తప్పలేదు.

"అంకుల్, ఇంతకుముందు ఎప్పుడన్న ఇట్లాంటి వాక్‌లకు పోయిండ్రా?" అని అడిగింది.

"పోవుడు కాదు బిడ్డా, పెట్టిన. రెండు పెట్టిన."

"మంచిగయినయా?"

"ఒకటి ఖరాబైంది. ఒకటి అయింది."

ఎట్లా ఖరాబైంది, ఎట్లా అయింది అని అడిగింది. చెప్పడం మొదలు పెట్టేసరికి ముగింపు గీత వచ్చేసింది. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయి చదువుతుందో లేదో తెలియదు. మీరయినా చదవండి, రేపు మీరూ ఎవరి కోసమో ఒక నడక పెట్టకపోరు.

నేను ముప్పైనాలుగేళ్లు వరంగల్ బస్సు డిపోలో పనిచేశాను. సగం సర్వీసు కండక్టర్‌గా, మిగతా సగం కంట్రోలర్‌గా. కంట్రోలర్ అంటే ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఎవరు నడపాలి, ఎవరు టికెట్లు కొట్టాలి అని చార్టు రాసి, బస్టాండులో అద్దాల కేబిన్‌లో కూర్చుని, ఆ చార్టు ప్రకారం జరగకపోతే మైకులో అరిచే మనిషి. నా అరుపుకు డిపోలో మంచి పేరుండేది. అయిదు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవర్లు బస్సు దిగి నా కేబిన్ ముందు నుంచి కాక, మూత్రశాలల వెనక నుంచి చుట్టూ తిరిగి పోయేవాళ్లు.

ఆ కేబిన్ కిటికీ దగ్గరికి మూడు వారాలకోసారి ఒక తల్లీ కూతురూ వచ్చేవాళ్లు. వర్ధన్నపేట అవతల ఒక ఊరు. ఆ తల్లి పత్తి ఏరడానికీ, మిరప తోటలకూ కూలికి పోయేది. పాపకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. తలసేమియా. ఒంట్లో రక్తం తనంతట తాను సరిగ్గా తయారు కాని జబ్బు. మూడు వారాలకోసారి దవాఖానలో రక్తం ఎక్కించుకుంటేనే ఆ పాప మళ్లీ మూడు వారాలు బడికి పోగలదు. పొద్దున మొదటి బస్సు దిగేటప్పుడు తల్లి భుజం మీద తల వాల్చి, పెదవులు తెల్లబడి ఉండేది. సాయంత్రం తిరుగు బస్సుకు వచ్చేటప్పుడు చూడాలి ఆ పిల్లను. తల్లి కంటే ముందు ఉరికొచ్చి నా కిటికీ పట్టుకుని వేలాడేది.

"తాతా, వర్ధన్నపేట బస్సు లేటని మైకుల చెప్తాన్నవు. అది వచ్చి నిలవడ్డది, అగో సూడు" అని నా తప్పులు దిద్దేది. డిపోలో నా తప్పు నా మొహం మీద చెప్పిన మనిషి అప్పటికి ఆ పిల్లొక్కతే.

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన కొత్తలో మా డిపో మేనేజర్ ఒకరోజు పిలిచి, జనం బాగా ఎక్కుతున్నారు, మనం కూడా జనానికి ఏదైనా చేద్దాం అన్నాడు. నాకు ఆ పాప గుర్తొచ్చింది. ఎండాకాలంలో కాలేజీలు మూసేస్తే రక్తం ఇచ్చేవాళ్లు ఉండరనీ, ఆ రెండు నెలలూ దడదడగా ఉంటుందనీ ఆ తల్లి చెప్పగా విన్నాను. రక్తదానం కోసం నడక పెడదాం, కోట దగ్గర ముగిద్దాం, అక్కడే మంచాలు వేసి రక్తం తీయిద్దాం అన్నాను. ఏర్పాట్లన్నీ నాకే వదిలేయమన్నాను. రోజుకు నూరు బస్సులు పంపేవాణ్ణి, నాలుగు వందల మందిని నడిపించలేనా అనుకున్నాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

నడక డిపో గేటు నుంచి కొత్తవాడ మీదుగా, రైలు పట్టాల కింది అండర్‌బ్రిడ్జి దాటి కోట దాకా. నీళ్ల క్యాన్లు ఎక్కడ పెట్టాలి అని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మా బుర్రలో రోడ్డు అంటే స్టేజీలు. బస్టాపు బస్టాపుకూ ఒక క్యాను అని రాసిచ్చాను. పొద్దున ఆ బస్టాపుల్లో మార్కెట్‌కు పోయేవాళ్లూ, కూలికి పోయేవాళ్లూ నిలబడి ఉంటారని, వాళ్లను మోసే బస్సులను నేనే పంపిస్తానని, నాకు తట్టలేదు. "ఎవలో పుణ్యాత్ములు పెట్టిన్రు" అని దీవించి, నడిచేవాళ్లు రాకముందే క్యాన్లు ఖాళీ చేశారు. ఒకాయన సీసాలో నింపుకుని బస్సెక్కాడు కూడా. నడిచేవాళ్లకు దక్కినవి ఖాళీ గ్లాసులే.

అది చిన్న తప్పు. పెద్దది ముఖ్య అతిథి. ఆరున్నరకు జెండా ఊపాలి. ఆయన ఎనిమిదికి వచ్చాడు. గంటన్నర సేపు నాలుగు వందల మంది గేటు దగ్గర నిలబడ్డారు. మాఘమాసం ఎండే అయినా ఎండ ఎండే. టిఫిను కోట దగ్గర, ఉపన్యాసాల తర్వాత అని పెట్టాను. కోటకు చేరేసరికి తొమ్మిదిన్నర. ఉపన్యాసాలు పదిన్నర దాకా. అప్పుడు రక్తనిధి డాక్టరమ్మ మొదటి మనిషిని మంచం ఎక్కించి, "పొద్దున ఏం తిన్నారు?" అని అడిగింది.

"ఏం తినలే మేడం. పుణ్యకార్యం గదా, ఒక్కపొద్దుతోని వచ్చిన."

ఆమె లేచి వరుసలో ఉన్నవాళ్లందరినీ అడిగింది. ఎవరూ ఏమీ తినలేదు. ఇంతలో వరుసలోనే ఒకాయన కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు. ఇంకొకాయన ఆయనను పట్టుకోబోయి తనూ కూర్చున్నాడు. ఖాళీ కడుపుతో ఎండలో నడిచొచ్చిన వాళ్ల నుంచి రక్తం తీయనని ఆమె మంచాలు మడిపించడం మొదలు పెట్టింది. పొద్దున డ్యూటీ అలవాటు కొద్దీ సద్దన్నం తిని వచ్చిన మా డ్రైవర్లూ కండక్టర్లూ పంతొమ్మిది మంది మాత్రం ఇచ్చారు. మిగతా అందరూ ఉప్మా తిని, ఫోటోలు దిగి పోయారు.

అయినా మర్నాడు పేపర్లో పెద్ద ఫోటో వచ్చింది. బ్యానర్ ముందు ముఖ్య అతిథి, ఆయన పక్కన నేను, పొట్ట లోపలికి పీల్చి. దాన్ని కత్తిరించి కేబిన్‌లో టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. మూడు నెలలు చూసుకుని మురిశాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ తల్లి కిటికీ దగ్గరికి వచ్చింది. సాయంత్రం కావలసిన మనిషి మధ్యాహ్నమే వచ్చింది. పాప వెనక బెంచీ మీద పడుకుని ఉంది, లేవలేదు.

"వర్ధన్నపేట బస్సు ఎప్పుడున్నది సార్?"

"ఇంత జల్ది ఎట్లయింది పని?"

"కాలే సార్. రక్తం లేదన్నరు. నాలుగు రోజులైనంక రమ్మన్నరు." ఇంకేదో అనబోయి, ఆమె చూపు నా టేబుల్ మీద పడింది. చదువు రాదు ఆమెకు, ఫోటో చూసి పోల్చుకుంది. "గిది మన నడక ఫోటోనే గద సార్? నేను గూడ నడిచిన ఆ రోజు. బిడ్డను ఎత్తుకొని కోట దాక నడిచిన."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే సంతోషంగా అంది. అదే నాకు ఎక్కువ తగిలింది. ఆమె పోయాక ఆ కాగితాన్ని అద్దం కింద నుంచి తీసి చించేశాను.

ఆ పూటే పాప గ్రూపు రక్తం ఉన్న డ్రైవర్లు ఎవరని వాకబు చేసి ముగ్గురిని దవాఖానకు పంపాం. పరీక్షలయ్యాక మర్నాడు పాపను పిలిపించి ఎక్కించారు. ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. ఆ గ్రూపు నాది కూడా. కేబిన్ వదిలిపెట్టి ఎట్లా వస్తానయ్యా అన్నాను. కేబిన్ సాకు. నాకు సూది అంటే భయం. చిన్నప్పుడే కాదు, అప్పుడూ, ఇప్పుడూ. బస్సు కింద పడబోయిన మనిషిని లాగిన వాణ్ణి, టికెట్ లేని తాగుబోతులతో కలబడ్డవాణ్ణి, సూది చూస్తే తలుపు ఎటుందో వెతుక్కుంటాను.

మర్నాడు రక్తనిధికి వెళ్లి డాక్టరమ్మ ముందు కూర్చున్నాను. మా పంతొమ్మిది మంది రక్తం ఏమైందని అడిగాను.

"అది అప్పుడే అయిపోయింది. మిగిలినా మేదాకా ఉండేది కాదు. రక్తాన్ని నెల, నెలా అయిదు రోజులకు మించి దాచలేం."

"అంటే ఆ రోజు నాలుగు వందల మందీ ఇచ్చి ఉంటే?"

"చాలావరకు పారబోసేవాళ్లం. మేలో మళ్లీ ఇదే పరిస్థితి" అంది. కోపంగా అనలేదు, అలసటగా అంది. "అందరూ ఒకేరోజు వస్తామంటారు. బ్యానర్ కట్టుకుని వస్తారు. నాకు కావలసింది వారానికి పదిమంది. ప్రతి వారం పదిమంది. అది ఎవరూ చెయ్యరు."

ఆ మాట వినగానే నా బస్సుల చార్టు గుర్తొచ్చింది. పొద్దున ఆరింటికి పది బస్సులు వరసగా పంపి, మళ్లీ మధ్యాహ్నం దాకా ఒక్క బస్సు పంపకపోతే జనం నా కేబిన్ అద్దాలు పగలగొట్టరా? గంటకొకటి పంపడమే కదా నా ఉద్యోగం. పదిహేనేళ్లకు పైగా చేస్తున్న పనిని నడక రోజున ఇంట్లో పెట్టి వచ్చాను. ముఖ్య అతిథి పని, బ్యానర్ పని నెత్తినేసుకున్నాను.

"మేడం, ఈ పని నాకొచ్చు. ఒక్క ఏడాది టైమియ్యుండ్రి" అన్నాను.

ఆ ఏడాది మాకు నిజంగా దారి చూపింది ఒక కండక్టరమ్మ. పన్నెండేళ్ల సర్వీసు. నా అరుపుకు భయపడని వాళ్లలో రెండో మనిషి. మీటింగు పెట్టి సలహాలు అడిగితే అందరూ బాగుంది సార్, బాగుంది సార్ అంటున్నారు. ఆమె లేచింది.

"సార్, పోయినసారి మీరు కోటకాడ రక్తం అడిగిండ్రు, అంటే దిగేటప్పుడు టికెట్ అడిగినట్టు. దిగినంక ఎవలిస్తరు? ఇంటికి పోయే తొందరల ఉంటరు. ఎక్కంగనే కొట్టాలె."

నేను సగం సర్వీసు కండక్టర్‌గా చేసినవాణ్ణి. ఆ ముక్క నాకు రావలసింది.

"ఇంకోటి. ఆదివారం పొద్దుగాల పెడితె మా క్రైస్తవులు ఒక్కలు రారు. ఆరాధన ఉంటది. పోయినసారి రాలే, మీరు సూసుకోలే."

"మరి శనివారం పెడుదామా?"

"శనివారం పెడితె కూలోళ్లు, నౌకర్లోళ్లు రారు. గట్ల కాదు సార్. మీ నడక మా చర్చి ముందటికెళ్లే పోతాంది గద. ఆడ ఒక స్టేజీ పెట్టుండ్రి. మొదటి ఆరాధన ఏడుంబావుకు అయిపోతది. బయటికి రాంగనే ఎక్కుతరు. అయిదు నిమిషాలు లేటయినా ఇండ్లకు పోతరు, వంట జేసుకోవాలె. ఆగరు మరి."

ఇక ఆ నడకను బస్సుల లెక్కన కట్టాం. యాభై మందికి ఒక బస్సు. ముందు ఒక డ్రైవరు, చేతిలో మా స్టోరు రూములో పడి ఉన్న పాత రూట్ బోర్డు. వెనక ఒక కండక్టర్, మెడలో విజిల్. కండక్టర్‌ను దాటి ఎవరూ వెనకపడకూడదు. మంచినీళ్లు ఈసారి బస్టాపుల్లో కాదు, రెండు బస్టాపుల మధ్య నీడ ఎక్కడుంటే అక్కడ. టిఫిను నడకకు ముందే, డిపో గేటు దగ్గర. రక్తం ఆ రోజు తీయడమే లేదు. తీసుకునేది మాట, తేదీతో సహా. టికెట్ మీద పేరు, ఫోను, గ్రూపు, వచ్చే వారం. సగం వాళ్లకు, సగం కండక్టర్‌కు. ఆ వారం రెండు రోజుల ముందు అదే కండక్టర్ ఫోన్ చేసి గుర్తు చెయ్యాలి. టికెట్ కింద 'తేదీ దాటితే చెల్లదు' అని అచ్చు వేయించాను. డాక్టరమ్మ అది చూసి మొదటిసారి నా ముందు నవ్వింది.

డ్యూటీ చార్టు కాగితం మీద వారాలకు గళ్లు గీసి గేటు పక్కన గోడకు అంటించాను. వారానికి పది గళ్లు. కాలేజీ పిల్లలు పేర్లు ముందే ఇచ్చారు. మార్చి నిండింది, ఏప్రిల్ నిండింది. మే ఖాళీ. పిల్లలంతా మేలో ఊళ్లకు పోతారు. మే నిండాలంటే వరంగల్‌లో ఇల్లూ సంసారం ఉన్నవాళ్లు కావాలి, వాళ్లు ఒక్కచోట దొరికేది ఆ పొద్దున చర్చిలోనే. నలభై గళ్లు. పాప బతుకు మే నెలలో ఆ నలభై గళ్లలో ఉందని నాకు తెలుసు, మా కండక్టరమ్మకు తెలుసు. ఇంకెవరికీ చెప్పలేదు, భయపెట్టినట్టు అవుతుందని.

నడక రోజు ఆరుంబావుకల్లా డిపో ముందు పది బోర్డులు లేచి ఉన్నాయి. ఎవరి ఊరి బోర్డు కింద వాళ్లు నిలబడాలని జనం తన్నులాట. హసన్‌పర్తి బోర్డు కింద యాభై కాదు, నూట ఇరవై మంది చేరారు. దిగమంటే దిగరు. "మాది హసన్‌పర్తి, వర్ధన్నపేట బస్సు నేనెందుకు ఎక్కుత?" అని ఒక ముసలాయన నాతో పోట్లాడాడు. ఉత్త బోర్డు తాతా, ఎటైనా కోటకే పోతుంది అంటే నమ్మడు. హసన్‌పర్తికి స్పెషల్ వేశామని అట్టముక్క మీద ఇంకో బోర్డు రాయించి ఇచ్చాను, అప్పుడు కదిలాడు.

ఆరు ఇరవై అయిదుకు డిపో మేనేజర్ ఫోను పట్టుకుని వచ్చాడు. ముఖ్య అతిథి ఈసారి కూడా పోయినసారి వచ్చినాయనే. ఇంటి దగ్గర బయలుదేరుతున్నాడట, పది నిమిషాలట.

నేను నా చేతి గడియారం చూశాను. గేటు నుంచి చర్చికి నలభై అయిదు నిమిషాల నడక, నేనే మూడు సార్లు నడిచి చూసుకున్నాను. ఆరున్నరకు కదిలితే ఏడుంబావు. ఆయన పది నిమిషాలు ఎంత పొడుగుంటుందో పోయిన ఏడాది చూశాను.

"సార్, బస్సు టైమయింది" అన్నాను.

"జర ఆగవయ్య. ఆయన రాకముందే కదిలితే ఎట్ల? రేపు నన్ను పిలిచి అడుగుతడు."

"నా పేరు చెప్పుండ్రి సార్. ఇంకో ఆరు నెలలకు రిటైరైతాన, నన్నేం జేస్తడు?"

మాట ధైర్యంగానే వచ్చింది. సర్వీసు అంతా పై వాళ్లు ఆగమంటే ఆగినవాణ్ణి. ఎదురుగా చూస్తే కండక్టరమ్మ విజిల్ నోట్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది. గోడ మీద చార్టులో మే నెల తెల్లగా కనిపిస్తోంది. మైకు తీసుకున్నాను. ముప్పై ఏళ్లు ఎన్ని వేల సార్లు అన్నానో ఆ మాట, ఆ రోజు అన్నట్టు ఎప్పుడూ అనలేదు.

"టైం ఆరున్నర. రైట్, రైట్."

పదకొండు విజిళ్లు ఒకేసారి మోగాయి. బోర్డులు కదిలాయి. వెనక కండక్టర్లు టికెట్లు కొట్టడం మొదలుపెట్టారు. నడిచే మనిషి పక్కనే నడుస్తూ, పేరు చెప్పమ్మా, గ్రూపు తెలుసా, ఏ వారం వస్తారు అని. మగవాళ్లు ఎంత అని జేబులు తడుముకుంటే, "ఇయ్యాల మీకు గూడ ఆడోళ్ల లెక్క జీరో టికెట్టే అన్నా, పైసలొద్దు" అంటున్నారు. కొత్తవాడలో మగ్గాల మీద నుంచి లేచొచ్చి జనం గుమ్మాల్లో నిలబడి చూశారు. ఇంత పెద్ద జనం వరుస తప్పకుండా, బోర్డుల వెంట, విజిల్‌కు ఆగి విజిల్‌కు కదలడం వాళ్లు చూసి ఉండరు. నేనూ చూసి ఉండలేదు.

చర్చి మలుపు తిరిగేసరికి ఏడూ పదమూడు. తలుపులు ఇంకా మూసే ఉన్నాయి. లోపల పాట వినిపిస్తోంది. పాట ఆగింది. రెండు నిమిషాలకు తలుపులు తెరుచుకున్నాయి. ముందు పాస్టరుగారు, వెనక తెల్లచీరల ఆడవాళ్లు, పిల్లలు, ఇస్త్రీ చొక్కాల మగవాళ్లు. మా కండక్టరమ్మ మెట్ల దగ్గర నిలబడి మోగించిందండీ విజిల్.

"కోట, కోట, కోట. ఎక్కుండ్రి, జాగ ఉన్నది. మే నెల టికెట్లు ఈడనే."

పాస్టరుగారు మొదటి టికెట్ తీసుకున్నారు, మే మొదటి వారం. ఇక చూడాలి. భార్యలు భర్తల చేత రాయించారు, భర్తలు బావమరుదుల చేత రాయించారు. నేను పక్కన చార్టు పట్టుకుని గళ్లు నింపుతున్నాను. పది, పదిహేను, ఇరవై ఆరు. పెన్ను సరిగ్గా రాయడం లేదని అప్పుడు అనుకున్నాను. చార్టు మీద చుక్కలు పడ్డాక తెలిసింది, నా కళ్లే.

అండర్‌బ్రిడ్జి దగ్గర మా పక్కకు ఒక పెద్ద కారు వచ్చి ఆగింది. ముఖ్య అతిథి. కిటికీ అద్దం దిగింది. ఆయన పక్కనున్న మనిషి నన్ను చూసి ఏదో గట్టిగా అనబోయాడు. అంతలో కండక్టరమ్మ వెళ్లి కిటికీ దగ్గర వంగింది.

"సార్, కారుకు టికెట్ లేదు. దిగి నడుస్తేనే కొడ్త."

ఆయన ఆమెను చూశాడు, మెడలో విజిల్ చూశాడు, ముందర బోర్డు చూశాడు. తలుపు తీసుకుని దిగాడు. టికెట్ తీసుకున్నాడు, మే రెండో వారం. కోట దాకా వర్ధన్నపేట బోర్డు వెనక నడిచాడు. మధ్యలో నా పక్కకు వచ్చి, "నా కోసం ఆగలేదట" అన్నాడు.

"ఆగితే చర్చి స్టేజీ తప్పుతుండె సార్."

చేతిలో టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "ఎక్కడికి పోయినా నా కోసం ఆగుతరు. అందుకే లేటొస్త" అన్నాడు. ఆ నిజాయితీకి ఆయన మీద నాకున్న కోపం పోయింది. మేలో ఆయన ఫోటోగ్రాఫర్ లేకుండా ఒక్కడే వచ్చి రక్తమిచ్చి పోయాడని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

కోటలో ఈసారి వేదిక లేదు, కుర్చీలు లేవు. కొత్తవాడ నేతగాళ్లు ఇచ్చిన జంపఖానాలు వరుసగా పరిచాం. అందరూ వాటి మీదే కూర్చుని పులిహోర తిన్నారు, ముఖ్య అతిథి, పాస్టరుగారు, హసన్‌పర్తి ముసలాయన, ఆ తల్లీ పాపా, అందరూ. పాప ఈసారి ఎవరూ ఎత్తుకోకుండా కొత్తవాడ దాకా తనే నడిచింది. చివరి బోర్డు లోపలికి వచ్చి, చివరి కండక్టర్ "బస్సు ఖాళీ సార్" అన్నాకే నేను కూర్చున్నాను. ఒక్క మనిషి తప్పిపోలేదు, ఒక్కరు పడిపోలేదు.

కండక్టరమ్మ చార్టు లెక్క చూసింది. ముప్పైతొమ్మిది. మే మూడో వారంలో ఒక గడి ఖాళీగా ఉంది.

"ఇంకెవలన్న ఉన్నరా?" అని నేను చుట్టూ చూశాను. ఆమె చూడలేదు. నన్నే చూస్తోంది.

"సార్, మీ టికెట్ ఏది?"

"నాదా? నేను స్టాఫ్ కదా."

"స్టాఫ్ పాసు చెల్లదు సార్ దీంట్ల. డిపో గేటు కాన్నుంచి కోట దాక వచ్చిండ్రు. టికెట్ లేకుంట." చుట్టూ డ్రైవర్లు పులిహోర నములుతూ నవ్వుతున్నారు. వాళ్లకందరికీ నా సూది భయం తెలుసునని ఆ నవ్వులు చూశాక అర్థమైంది. ఎన్నేళ్ల నుంచో మరి. కండక్టరమ్మ నా పేరు రాసి, టికెట్ చింపి, నా చొక్కా జేబులో పెట్టింది.

మే మూడో వారానికి రెండు రోజుల ముందు, నా కేబిన్‌కు యాభై అడుగుల దూరంలో నిలబడి ఆమె నాకు ఫోన్ చేసింది. "సార్, ఎల్లుండి మీ బస్సు. పొద్దుగాల మంచిగ తినిరాండ్రి." ఏదైనా సాకు దొరుకుతుందా అని వెతికాను. అయినా పోయాను. పోకపోతే డిపోలో తల ఎత్తుకోలేను. మంచం మీద పడుకోబెట్టి నర్సు చేతికి పట్టీ కట్టింది. తలుపు తెరిచి ఉంది. వరండాలో తన వంతు కోసం కూర్చున్న పాప నన్ను చూసి లోపలికి వచ్చింది. ఆమెకు ఆ రోజు ఎక్కించేది పోయిన వారం ఎవరో ఇచ్చింది, నాది ఇంకెవరికో పోతుంది. ఆ మే నెలలో ఆ తల్లి ఒక్కసారి కూడా మధ్యాహ్నం బస్సెక్కలేదు. ఏ పాప తల్లీ ఎక్కలేదని డాక్టరమ్మ చెప్పింది. నా సర్వీసులో నాకు చాలా కాగితాలిచ్చారు, శాలువాలు కప్పారు. నేను గర్వపడేది మాత్రం ఈ ఒక్క నెలకే.

"తాతా, భయమైతాందా?" అంది పాప.

"లేదు" అన్నాను.

"అయితాంది. నీ కాళ్లు సూడు." నా తల దగ్గరికి వచ్చి నిలబడింది. "సూది దిక్కు సూడకు. గోడ మీద క్యాలెండర్ సూడు. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాక సదువు. అయిపోయేలోపు అయిపోతది."

మే నెల పేజీయే వేలాడుతోంది. చదివాను. పద్దెనిమిది దగ్గర సూది దిగింది. ముప్పై ఒకటి అయ్యేసరికి నేను బతికే ఉన్నాను.

"మల్ల ఎప్పుడొస్తవు తాతా?"

"మూడు నెలలకోసారి ఇవ్వొచ్చంట. ఆగస్టుల వస్త."

పాప వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. తర్వాత నా భుజం తట్టింది, కొత్తగా డ్యూటీలో చేరిన కండక్టర్‌ను సీనియర్ తట్టినట్టు.

"నాకు మూడు వారాలకోసారి. నావే ఎక్కువ ట్రిప్పులు" అంది.